సౌర గాలికి గ్రహం అడ్డొస్తే ఎలక్ట్రాన్ల వాటా ఎంత?

సంక్షిప్తంగా: సూర్యుడి నుంచి ఎడతెగక వీచే సౌర గాలికి గ్రహం ఎదురైనప్పుడు దాని ముందు షాక్ తరంగం నిలబడుతుంది. అక్కడ గాలి వేగం పడిపోతుంది, పోయిన వేగం వేడిగా మారుతుంది. ఆ వేడిలో సింహభాగం ప్రోటాన్లకు పోతుంది. ఎలక్ట్రాన్లకు దక్కేది కొద్ది శాతం మాత్రమే, షాక్ బలం పెరిగేకొద్దీ ఆ శాతం ఇంకా తగ్గుతుంది. ఈ ధోరణిని శని గ్రహం దగ్గర కాసిని నౌక తీసిన కొలతలు గట్టిగా నిలబెట్టాయి. ఎలక్ట్రాన్లకు ఎంత శక్తి దక్కుతుందో నిర్ణయించేది షాక్‌లోని విద్యుత్ క్షేత్రం. ఆ శక్తి తిరిగిరాని వేడిగా మారడానికి మాత్రం చిన్న చిన్న తరంగాలు కావాలి. ఆ తరంగాల్లో దేని పాత్ర ఎంత అన్నది ఇంకా వివాదంలోనే ఉంది.

సౌర గాలిలో ఒక ప్రోటాన్, దాని పక్కనే ఒక ఎలక్ట్రాన్ సెకనుకు 400 కిలోమీటర్ల వేగంతో భూమి వైపు వస్తున్నాయనుకుందాం. వేగం ఒకటే అయినా గతిజ శక్తి ఒకటి కాదు. ప్రోటాన్ ద్రవ్యరాశి ఎలక్ట్రాన్ ద్రవ్యరాశికి 1,836 రెట్లు. అందువల్ల ఈ ప్రవాహంలో ప్రోటాన్ మోసుకొచ్చే శక్తి సుమారు 835 ఎలక్ట్రాన్ వోల్టులైతే, ఎలక్ట్రాన్ మోసుకొచ్చేది అర వోల్టు కూడా కాదు. అయినా భూమికి దాదాపు 90 వేల కిలోమీటర్ల ముందున్న షాక్ తరంగాన్ని దాటేసరికి ఎలక్ట్రాన్ల ఉష్ణోగ్రత కొన్ని పదుల ఎలక్ట్రాన్ వోల్టులు పెరిగి ఉంటుంది. ప్రవాహం నుంచి తెచ్చుకున్నదంతా ధారపోసినా అర వోల్టు తేలని కణానికి అన్ని వోల్టులు ఎవరిచ్చారు? ఇచ్చినవారు అంతే ఎందుకిచ్చారు, ఇంకా ఎక్కువ ఎందుకివ్వలేదు?

మొదటి ప్రశ్నకు జవాబు తెలుసు. రెండో ప్రశ్నే అంతరిక్ష ప్లాస్మా శాస్త్రంలో, అంటే సౌర గాలిలా విద్యుదావేశం ఉన్న కణాలతో నిండిన వాయువుల శాస్త్రంలో, దశాబ్దాలుగా నలుగుతోంది.

ఇక్కడ ఉష్ణోగ్రత అన్న మాటను కాస్త జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. ఒక ఎలక్ట్రాన్ వోల్టు అంటే సుమారు 11,600 కెల్విన్లు. 50 ఎలక్ట్రాన్ వోల్టులంటే దాదాపు 5.8 లక్షల కెల్విన్లు. ఆ అంకె చూసి అక్కడికి వెళ్లిన ఉపగ్రహం కరిగిపోదా అన్న సందేహం తరచుగా వినిపిస్తుంది. కరగదు. భూమి దగ్గర సౌర గాలిలో ఘన సెంటీమీటరుకు ఉండేవి ఐదారు ప్రోటాన్లు, అన్నే ఎలక్ట్రాన్లు. షాక్ దాటాక ఆ సంఖ్య మహా అయితే నాలుగు రెట్లవుతుంది. ఒక్కో కణం ఎంత చురుగ్గా కదిలినా, లోహపు పలకను వేడెక్కించేంత మంది అక్కడ లేరు. ఈ ఉష్ణోగ్రత కణాల వేగాలు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత మాత్రమే.

ఢీకొనని కణాల మధ్య షాక్

గాలిలో విమానం ధ్వని వేగాన్ని మించినప్పుడు పుట్టే షాక్ తరంగం సంగతి చాలామందికి తెలిసిందే. అక్కడ అణువులు ఒకదానితో ఒకటి గుద్దుకుంటాయి. సముద్ర మట్టం దగ్గర గాలి అణువు ఒక మిల్లీమీటరులో పదివేలో వంతు కన్నా తక్కువ దూరం పోగానే మరోదాన్ని తాకుతుంది. అందుకే ఆ షాక్ అతి పలచగా ఉంటుంది. దాన్ని దాటగానే నైట్రోజన్, ఆక్సిజన్ అణువులు రెండూ ఒకే ఉష్ణోగ్రతకు వచ్చేస్తాయి. వేడి పంపకంలో అక్కడ తగాదా లేదు.

సౌర గాలిలో పరిస్థితి వేరు. భూమి దగ్గర ఒక సౌర గాలి కణం మరో కణాన్ని నిజంగా ఢీకొనాలంటే సగటున సూర్యుడికీ భూమికీ మధ్య ఉన్నంత దూరం, అంటే 15 కోట్ల కిలోమీటర్ల స్థాయిలో ప్రయాణించాలి. గుద్దుకునే అవకాశమే లేని చోట షాక్ ఎలా పుడుతుందని 1950ల్లో చాలామంది శాస్త్రవేత్తలు అనుమానించారు. అయితే అప్పటికే ఒక ఆధారం ఉంది. సూర్యుడిపై విస్ఫోటం జరిగిన ఒకటి రెండు రోజుల తర్వాత భూమి మీది అయస్కాంత సూచికలు కొద్ది నిమిషాల్లోనే ఒక్కసారిగా ఎగిరేవి. అంత దూరం వచ్చిన అల చెదరకుండా అంత పదునుగా ఉందంటే దాని ముందు షాక్ ఉండి తీరాలని థామస్ గోల్డ్ వాదించారు. 1958లో యూజీన్ పార్కర్ సౌర గాలి సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. 1962లో మెరైనర్-2 నౌక శుక్రుడి వైపు వెళ్తూ ఆ గాలిని నేరుగా కొలిచింది. అదే ఏడాది ఇయాన్ యాక్స్‌ఫర్డ్, పాల్ కెల్లాగ్ అనే శాస్త్రవేత్తలు విడివిడిగా, భూమి ముందు నిలకడగా ఒక షాక్ ఉండాలని లెక్కగట్టారు. 1963 నవంబరులో ప్రయోగించిన ఐఎంపీ-1 ఉపగ్రహం దాన్ని పట్టేసింది. పడవ ముందు లేచే అలలా వంగి ఉండే ఆ షాక్‌కు బౌ షాక్ అన్న పేరు స్థిరపడింది.

కణాలు ఒకదాన్నొకటి తాకకపోయినా విద్యుత్, అయస్కాంత క్షేత్రాలు వాటన్నిటినీ ముడివేస్తాయి. షాక్‌ను నిలబెట్టేవి అవే. కానీ క్షేత్రం అన్ని కణాలనూ ఒకేలా చూడదు. బరువైన ప్రోటాన్ దానిలో పెద్ద వలయంలో తిరుగుతుంది, తేలికైన ఎలక్ట్రాన్ అతి చిన్న వలయంలో తిరుగుతుంది. ప్రోటాన్ వలయం వందల కిలోమీటర్లుంటే ఎలక్ట్రాన్‌ది రెండు మూడు కిలోమీటర్లే. అందువల్ల ఒకే షాక్‌ను ఈ రెండూ రెండు రకాల అనుభవాలతో దాటుతాయి. ఢీకొనడాలు లేవు కాబట్టి తర్వాత తీరిగ్గా ఉష్ణోగ్రతలు సమం చేసుకునే అవకాశం కూడా ఉండదు. ఉమ్మడి ఆస్తి పంపకంలా ఎవరి చేతికి ఎంత వచ్చిందో అంతే, ఆ తేడా గ్రహాన్ని దాటిపోయేదాకా అలాగే ఉండిపోతుంది.

ప్రోటాన్లకు షాక్, ఎలక్ట్రాన్లకు కాదు

ఈ తేడాకు మూలం మరో లెక్కలో ఉంది. సౌర గాలిలో ఎలక్ట్రాన్ల ఉష్ణోగ్రత 10 నుంచి 15 ఎలక్ట్రాన్ వోల్టులు. ప్రోటాన్లదీ దాదాపు అదే స్థాయి. కానీ ఆ ఉష్ణోగ్రత దగ్గర ప్రోటాన్ల యాదృచ్ఛిక వేగం సెకనుకు 40 కిలోమీటర్ల చుట్టుపక్కల ఉంటే, తేలికైన ఎలక్ట్రాన్లది సుమారు 2,000 కిలోమీటర్లు. ప్రవాహ వేగం 400. అంటే ప్రోటాన్లన్నీ ఒకే దిశలో దూసుకొచ్చే సన్నని కిరణంలా వస్తాయి. ఎలక్ట్రాన్లు మాత్రం అన్ని దిశల్లో ఎగిరే ఒక గుంపు, ఆ గుంపు మొత్తం నెమ్మదిగా జరుగుతున్నట్టు ఉంటుంది. షాక్ దాటిన ఎలక్ట్రాన్ కావాలంటే వెనక్కి తిరిగి మళ్లీ సౌర గాలిలోకి పోగలదు. చాలావరకు ప్రోటాన్లకు ఆ వీలు లేదు.

ప్రోటాన్లు వేడెక్కే తీరు కొంతవరకు సూటిగా ఉంటుంది. మాక్ సంఖ్య, అంటే గాలి వేగం ప్లాస్మాలోని అలల వేగానికి ఎన్ని రెట్లు అన్నది, సుమారు 2.7 దాటితే సాధారణ నిరోధం ఒక్కటే షాక్‌ను నిలబెట్టలేదు. అప్పుడు వచ్చే ప్రోటాన్లలో కొంత భాగం షాక్ గోడను తాకి వెనక్కి మళ్లుతుంది. మళ్లినవి అయస్కాంత క్షేత్రంలో ఒక చుట్టు తిరిగి, మరింత శక్తి పుంజుకొని, మళ్లీ షాక్ మీదికి వచ్చి దాటిపోతాయి. నేరుగా దాటినవీ, చుట్టు తిరిగి దాటినవీ కలిసినప్పుడు వేగాల్లో పెద్ద చెదురు వస్తుంది. భూమి బౌ షాక్ మాక్ సంఖ్య సాధారణంగా 5 నుంచి 8 దాకా ఉంటుంది. కాబట్టి ఇక్కడ ఎప్పుడూ జరిగేది ఇదే. ప్రోటాన్ల వేడిలో ఎక్కువ భాగం ఈ తిప్పుడు వ్యవహారం నుంచే వస్తుంది.

ఎలక్ట్రాన్లకు ఈ దారి లేదు. వాటి విషయంలో రెండు పనులు జరగాలి. ఎవరో శక్తి ఇవ్వాలి, ఆ శక్తి వేడిగా కుదురుకోవాలి.

విద్యుత్ క్షేత్రం అనే మధ్యవర్తి

షాక్‌కు గ్రహం వైపున ప్లాస్మా సాంద్రంగా, వేడిగా ఉంటుంది. అక్కడి చురుకైన ఎలక్ట్రాన్లు పలచగా ఉన్న సూర్యుడి వైపుకు పారిపోవాలని చూస్తాయి. అవి కొన్ని పారిపోయినా ఆవేశాల సమతుల్యం దెబ్బతింటుంది. ప్లాస్మా దాన్ని సహించదు. వెంటనే షాక్ అడ్డంగా ఒక విద్యుత్ క్షేత్రం లేస్తుంది. అది ఎలక్ట్రాన్లను గ్రహం వైపుకు లాగి పట్టుకుంటుంది. అదే క్షేత్రం ధనావేశం ఉన్న ప్రోటాన్లకు ఎదురుదెబ్బ. వాటిని నెమ్మదింపజేస్తుంది. మొదటి ప్రశ్నకు జవాబు ఇదే. శక్తి ప్రోటాన్లది, దాన్ని ఎలక్ట్రాన్లకు అందించేది విద్యుత్ క్షేత్రం.

షాక్ మొత్తం మీద ఈ పొటెన్షియల్ తేడా కొన్ని వందల వోల్టులు ఉంటుంది. అయితే ఎలక్ట్రాన్‌కు అదంతా దక్కదు. షాక్ మందంలో ఉన్నప్పుడు అది పక్కకు కూడా జరుగుతుంది. సౌర గాలి కదలిక వల్ల పుట్టే మరో విద్యుత్ క్షేత్రం ఆ పక్క కదలికలో దాని శక్తిని చాలావరకు తిరిగి లాక్కుంటుంది. అన్నీ పోను అయస్కాంత బలరేఖ వెంట దాని చేతిలో నికరంగా మిగిలేది పదుల నుంచి వంద వోల్టుల దాకా. కొన్ని వివరణల్లో వందల వోల్టుల అంకె, కొన్నింట్లో పదుల అంకె కనిపించి పాఠకులు తికమక పడేది ఇక్కడే. రెండూ సరైనవే. కొలిచే వాడు ఏ చట్రంలో నిలబడి చూస్తున్నాడన్నది తేడా.

ఎలక్ట్రాన్లు వేడెక్కడానికి పొటెన్షియల్ కారణమని చాలాచోట్ల రాస్తారు. అది సగం నిజం. బలరేఖ వెంట పనిచేసే ఆ పొటెన్షియల్‌ను నిలబెట్టేది ఎలక్ట్రాన్ల పీడనంలోని తేడాయే. ఎలక్ట్రాన్లు వేడెక్కితే పీడనం పెరుగుతుంది, పీడనం పెరిగితే పొటెన్షియల్ పెరుగుతుంది, అది పెరిగితే ఎలక్ట్రాన్లు ఇంకా వేడెక్కుతాయి. ఈ చక్రం ఎక్కడో ఒకచోట కుదుటపడాలి. అది ఎక్కడ కుదుటపడుతుందో చెప్పగలిగితేనే వాటా తేలుతుంది. పొటెన్షియల్‌ను కొలిచి ఇదే కారణం అనడం, ఫలితాన్నే కారణంగా చూపించడం లాంటిది.

వీటితోపాటు అయస్కాంత క్షేత్రం బిగుసుకోవడం వల్ల వచ్చే వేడి కూడా ఉంది. షాక్ దాటితే క్షేత్రం బలం పెరుగుతుంది, పూర్తి కుదింపులో అది నాలుగు రెట్ల వరకు పోవచ్చు. క్షేత్రానికి అడ్డంగా ఎలక్ట్రాన్ తిరిగే శక్తి కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది. బలహీనమైన షాక్‌లలో ఈ ఒక్కటే దాదాపు సరిపోతుంది. భూమి బౌ షాక్ దగ్గర సరిపోదు.

నున్నటి తల ఉన్న గ్రాఫు

ఎలక్ట్రాన్ల వేగాల గ్రాఫును చూస్తే అసలు చిక్కు బయటపడుతుంది. సౌర గాలిలో అది గుట్టలా ఉంటుంది. తక్కువ శక్తి దగ్గర శిఖరం, అక్కడి నుంచి రెండు పక్కలా వాలు. షాక్ దాటాక శిఖరం మాయమవుతుంది. పదుల ఎలక్ట్రాన్ వోల్టుల వరకు గ్రాఫు బల్లపరుపుగా ఉండి, ఆపైన నిటారుగా పడిపోతుంది. 1970 నుంచి, ముఖ్యంగా 1980ల్లో ఫెల్డ్‌మన్ బృందం పరిశీలనల్లో, ఈ ఆకారం పదే పదే కనిపించింది.

క్షేత్రాలు నున్నగా, నిలకడగా ఉంటే జరగాల్సింది ఇది కాదు. పొటెన్షియల్ గుండా దూకిన ప్రతి ఎలక్ట్రానూ కనీసం అంత శక్తి పుంజుకునే ఉంటుంది. అంటే షాక్ అవతల తక్కువ శక్తి ఉన్న ఎలక్ట్రాన్లు ఉండకూడదు, గ్రాఫు మధ్యలో గుంత పడాలి. నిజంలో గుంత లేదు, పూడిపోయి ఉంది. పైగా నున్నటి క్షేత్రంలో జరిగే మార్పు తిరిగి వెనక్కి పోగలిగినది. ఎలక్ట్రాన్ అదే దారిలో వెనక్కి వస్తే పుంజుకున్నదంతా అప్పజెప్పేస్తుంది, ఎంట్రోపీ, అంటే కణాల్లోని క్రమరాహిత్యం, పెరగదు. ఎంట్రోపీ పెరగనిదాన్ని వేడి అనలేం. కాబట్టి గుంతను పూడ్చే పని, లెక్కను తిరిగిరాకుండా చేసే పని ఎవరో చేస్తున్నారు.

ఆ అనుమానితుల జాబితా పొడవైనదే. విస్లర్ తరంగాలు, అయాన్-ధ్వని తరంగాలు, లోయర్ హైబ్రిడ్ తరంగాలు, ఎలక్ట్రాన్ల భ్రమణంతో ముడిపడిన అస్థిరతలు, ఒంటరిగా దూసుకుపోయే విద్యుత్ పల్సులు. ఇవన్నీ బౌ షాక్‌లో నిజంగా కనిపించినవే. ఒక్కోటీ ఒక్కో షాక్‌లో ముందుకొస్తుంది. కొందరు పరిశోధకులు పెద్ద ఎత్తున ఉండే నిలకడైన క్షేత్రానికే ప్రాధాన్యం ఇచ్చి తరంగాలను సర్దుబాటు పనివాళ్లుగా చూస్తారు. మరికొందరికి తరంగాలే అసలు యంత్రం. ఉన్న ఆధారాలను బట్టి చూస్తే ఒకే విజేత కోసం వెతకడమే పొరపాటనిపిస్తుంది. శక్తి ఎంత అన్నదాన్ని క్షేత్రం తీరుస్తుంది, అది ఎంత తిరిగిరానిదిగా మారుతుందన్నదాన్ని తరంగాలు తీరుస్తాయి. రెండూ వేర్వేరు ప్రశ్నలు. వాదన చాలాసార్లు వాటిని ఒకటిగా కలిపేయడం వల్లే ముదిరింది.

ఒక్క సెకనులో దాటిపోయే గోడ

వివాదం ఇన్నాళ్లు సాగడానికి సిద్ధాంతం కన్నా పరికరాల పరిమితే పెద్ద కారణం. బౌ షాక్ ఒకచోట స్థిరంగా ఉండదు. సౌర గాలి పీడనం మారినప్పుడల్లా సెకనుకు పదుల కిలోమీటర్ల వేగంతో ముందుకూ వెనక్కూ ఊగుతుంది. 1999 మే 11న సౌర గాలి సాంద్రత దాదాపు అడుగంటినప్పుడు అది చంద్రుడి కక్ష్య దూరం దాకా వెళ్లిపోయింది. ఉపగ్రహం షాక్‌ను దాటడం అంటే చాలాసార్లు షాకే ఉపగ్రహం మీదుగా దూసుకుపోవడం. అయస్కాంత క్షేత్రం నిటారుగా లేచే పలచటి పొర ఒక సెకనులోపే దాటిపోవచ్చు. పాత పరికరాలు ఎలక్ట్రాన్లను అన్ని దిశల నుంచీ లెక్కించడానికి ఉపగ్రహం ఒక పూర్తి చుట్టు తిరగాల్సి వచ్చేది, దానికి కొన్ని సెకన్లు పట్టేది. గోడ వెళ్లిపోయాక ఫొటో తీసినట్టే.

ఐరోపా క్లస్టర్ ప్రాజెక్టు ఇందులో మొదటి పెద్ద అడుగు. దాని ఆరంభం దారుణం. 1996 జూన్ 4న ఏరియన్-5 రాకెట్ తొలి ప్రయోగంలోనే పేలిపోయి నాలుగు ఉపగ్రహాలూ ముక్కలయ్యాయి. మళ్లీ నాలుగు తయారుచేసి 2000లో సోయుజ్ రాకెట్లపై పంపారు. నాలుగు నౌకలు ఉంటే షాక్ వేగాన్ని, మందాన్ని విడదీసి లెక్కించవచ్చు. ఒక్క నౌకతో అది సాధ్యం కాదు. క్లస్టర్ సమాచారంతో స్టీవెన్ ష్వార్ట్జ్ బృందం 2011లో చూపించిన ఫలితం అంచనాలను మార్చింది. ఒక షాక్‌లో ఎలక్ట్రాన్ల వేడిలో దాదాపు సగం, ఎలక్ట్రాన్ల కదలికకు సహజ కొలత అయిన ఎలక్ట్రాన్ జడత్వ దూరానికి కొద్ది రెట్లు మాత్రమే ఉన్న సన్నని పొరలో చేరిపోతోందని తేలింది. భూమి దగ్గర ఆ జడత్వ దూరం రెండు మూడు కిలోమీటర్లు, ప్రోటాన్లకు అదే కొలత సుమారు వంద కిలోమీటర్లు. అంత పలచటి పొరలో క్షేత్రం ఎలక్ట్రాన్‌కు కూడా నున్నగా ఉండదు. ఎలక్ట్రాన్ బలరేఖను బుద్ధిగా పట్టుకొని నడుస్తుందన్న పాత ఊహ అక్కడ సడలిపోతుంది.

2015 మార్చిలో నాసా పంపిన ఎంఎంఎస్ ఉపగ్రహాలు నాలుగూ ఇంకా దగ్గరగా, కొన్నిసార్లు ఏడెనిమిది కిలోమీటర్ల ఎడంతో ఎగిరాయి. వాటి పరికరాలు 30 మిల్లీసెకన్లకొకసారి ఎలక్ట్రాన్ల పూర్తి చిత్రాన్ని తీస్తాయి. ఒక సెకనులో దాటే పొరలో ముప్పైకి పైగా చిత్రాలన్నమాట. గోడ లోపల ఎలక్ట్రాన్లు మొదట గుంపుగా వేగం పుంజుకోవడం, తర్వాత ఆ గుంపు చెదిరి బల్లపరుపు ఆకారంలోకి రావడం వరుసగా చూసే వీలు అప్పుడు కలిగింది. బల్లపరుపు ఎక్కడో దూరాన తీరిగ్గా ఏర్పడేది కాదని, గోడలోనే మొదలవుతుందని వీటితో స్పష్టమైంది.

గ్రహం మారితే షాక్ మారుతుంది

భూమి దగ్గర ఎంత బాగా కొలిచినా ఒక లోటు తీరదు. ఇక్కడి మాక్ సంఖ్యలు ఇరుకైన పరిధిలో ఉంటాయి. వాటా దేన్నిబట్టి మారుతుందో తేల్చాలంటే చాలా తేడా ఉన్న షాక్‌లను పక్కపక్కన పెట్టాలి. అందుకు ప్రయోగశాలలు మిగతా గ్రహాలే.

సూర్యుడికి దగ్గరగా ఉన్న బుధుడి దగ్గర సౌర గాలిలోని అయస్కాంత క్షేత్రం బలంగా ఉంటుంది, మాక్ సంఖ్యలు తక్కువ. శుక్రుడికి, కుజుడికి సొంత ప్రపంచవ్యాప్త అయస్కాంత క్షేత్రం లేదు. పై వాతావరణంలోని అయాన్ల పొరే సౌర గాలికి అడ్డుగా నిలుస్తుంది. అందుకే వాటి బౌ షాక్‌లు గ్రహానికి బాగా దగ్గరగా ఉంటాయి. కుజుడి విషయంలో ఇది ఒక విచిత్రానికి దారితీస్తుంది. అక్కడ ప్రోటాన్ తిరిగే వలయం వెయ్యి కిలోమీటర్లు దాటుతుంది, షాక్‌కూ గ్రహానికీ మధ్య ఉన్న దూరం దాదాపు రెండు వేలే. ప్రోటాన్లు కుదురుకునేలోపే గ్రహం అడ్డొస్తుంది. ఎలక్ట్రాన్లకు మాత్రం ఆ జాగా సరిపోతుంది. 2014 సెప్టెంబరులో మన మంగళయాన్ వచ్చిన వారంలోనే కుజుడిని చేరిన నాసా మావెన్ నౌక అక్కడ రెండు రకాల కణాలనూ కొలిచింది.

అసలు నిధి శని దగ్గర దొరికింది. సూర్యుడి నుంచి భూమికన్నా తొమ్మిదిన్నర రెట్ల దూరంలో సౌర గాలి పలచబడి చల్లబడుతుంది. అయస్కాంత క్షేత్రం సగటున అర నానోటెస్లా చుట్టూ ఉన్నా అప్పుడప్పుడు దాదాపు లేనట్టే అయిపోతుంది. ప్లాస్మాలోని అలల వేగం ఆ క్షేత్రం మీదే ఆధారపడుతుంది కాబట్టి, క్షేత్రం పడిపోయినప్పుడల్లా మాక్ సంఖ్య ఆకాశానికి ఎగురుతుంది. కాసిని నౌక 2004 జులై నుంచి 2017 సెప్టెంబరు వరకు శని చుట్టూ తిరిగింది. షాక్‌ల కోసం పంపింది కాకపోయినా వందల సార్లు బౌ షాక్‌ను దాటింది.

వాటిలో అయస్కాంత క్షేత్రం షాక్ తలానికి సమాంతరంగా వాలి ఉన్న 94 సందర్భాలను ఆడమ్ మాస్టర్స్ బృందం విశ్లేషించి 2011లో ప్రచురించింది. ఎలక్ట్రాన్ల ఉష్ణోగ్రత పెరుగుదల వచ్చే ప్రోటాన్ గతిజ శక్తిని బట్టి పెరుగుతుందని, అందులో 3 నుంచి 7 శాతం దాకా ఉంటుందని తేలింది. సెకనుకు 400 కిలోమీటర్ల ప్రవాహానికి ఈ లెక్క వేస్తే సుమారు 25 నుంచి 58 ఎలక్ట్రాన్ వోల్టులు. భూమి దగ్గర చూసిన పదుల వోల్టులకు ఇది సరిపోతుంది. అంతకన్నా ముఖ్యమైనది మరొకటి. మాక్ సంఖ్య పెరిగేకొద్దీ ఆ శాతం తగ్గుతూ పోయింది, 150 దాకా ఆ ధోరణి ఆగలేదు. అంత పెద్ద మాక్ సంఖ్య భూమి దగ్గర దొరకదు.

దీన్ని తప్పుగా చదివే ప్రమాదం ఉంది. శాతం తగ్గిందంటే ఎలక్ట్రాన్లు చల్లబడ్డాయని కాదు. పంచుకోవాల్సిన మొత్తం పెరిగినంత వేగంగా వాటి వాటా పెరగలేదని మాత్రమే.

ఇంకో సంగతి కూడా శని దగ్గరే బయటపడింది. 2007 ఫిబ్రవరి 3న కాసిని దాటిన షాక్ మాక్ సంఖ్య దాదాపు 100. అయస్కాంత క్షేత్రం ఆ రోజు షాక్ తలానికి నిలువుగా ఉంది. అలాంటి అమరికలో ఎలక్ట్రాన్లు అధిక శక్తి పుంజుకోవడం అరుదు. ఆ రోజు మాత్రం కొన్ని ఎలక్ట్రాన్లు కాంతి వేగానికి చేరువైన వేగాలకు ఎగిరాయి. ఇది వేడెక్కడం కాదు, త్వరణం. గుంపంతటికీ కొద్దిగా దక్కడం ఒకటి, గుంపులో పిడికెడు మందికి విపరీతంగా దక్కడం మరొకటి. రెండింటికీ వేర్వేరు యంత్రాంగాలు కావాలి. వార్తల్లో ఇవి తరచూ కలగలిసిపోతుంటాయి.

సూపర్‌నోవాల లెక్క ఎందుకు దీనిమీద ఆధారపడుతుంది

నక్షత్రం పేలినప్పుడు చిమ్మిన పదార్థం సెకనుకు వేల కిలోమీటర్ల వేగంతో షాక్‌ను తోసుకుంటూ పోతుంది. ఆ షాక్ కూడా ఢీకొనని కణాలదే. దాని దగ్గరికి నౌకను పంపలేం, దూరం నుంచి ఎక్స్-కిరణాల్లో చూడాలి. ఆ కిరణాల వర్ణపటం చెప్పేది ఎలక్ట్రాన్ల ఉష్ణోగ్రతను. విస్ఫోటం శక్తి మాత్రం ఎక్కువగా ప్రోటాన్లు, ఇతర అయాన్ల దగ్గర ఉంటుంది. సెకనుకు 3,000 కిలోమీటర్ల షాక్‌లోకి వచ్చే ప్రోటాన్ శక్తి దాదాపు 47 వేల ఎలక్ట్రాన్ వోల్టులు. ఎలక్ట్రాన్ల ఉష్ణోగ్రత చూసి అందరిదీ అంతే అనుకుంటే షాక్ వేగాన్ని బాగా తక్కువగా అంచనా వేస్తాం.

హైడ్రోజన్ వెలువరించే కాంతి రేఖల వెడల్పును బట్టి కొన్ని సూపర్‌నోవా అవశేషాల్లో రెండు ఉష్ణోగ్రతలనూ విడిగా రాబట్టవచ్చు. ఘవామియన్, లేమింగ్, రకోవ్‌స్కీ 2007లో అలాంటి వాటిని పోల్చి చూస్తే, వేగవంతమైన షాక్‌లలో ఎలక్ట్రాన్-ప్రోటాన్ ఉష్ణోగ్రతల నిష్పత్తి సుమారుగా వేగం వర్గానికి విలోమంగా తగ్గుతున్నట్టు కనిపించింది. దిశ శని దగ్గరి దిశే. అయినా రెండింటినీ ఒకే గీత మీద గుచ్చడానికి తొందరపడకూడదు. శని దగ్గర మాక్ సంఖ్య పెరిగింది క్షేత్రం బలహీనపడి. సూపర్‌నోవాలో అది పెరుగుతున్నది వేగం వల్ల. పైగా అక్కడ కాస్మిక్ కిరణాలు షాక్‌కు ముందే ఎదురొచ్చి ప్లాస్మాను మార్చేస్తాయి. గ్రహాల షాక్‌లలో అది లెక్కలోకి రానంత తక్కువ.

సౌర కుటుంబంలోనే ఈ జాగ్రత్త ఎందుకు అవసరమో ఒక ఉదాహరణ ఉంది. 2007 ఆగస్టు చివర వాయేజర్-2 సూర్యుడి నుంచి భూమికన్నా 84 రెట్ల దూరంలో, సౌర గాలి ఆఖరుగా నెమ్మదించే టెర్మినేషన్ షాక్‌ను దాటింది. అవతల సౌర గాలి పది లక్షల కెల్విన్ల స్థాయిలో ఉంటుందనుకుంటే దొరికింది దాదాపు రెండు లక్షలే. మిగతా శక్తిలో ఎక్కువ భాగం, దాదాపు 80 శాతం, బయటి నుంచి వచ్చి చేరిన మరో రకం అయాన్లకు పోయిందని విశ్లేషణలు చెబుతున్నాయి. నక్షత్రాల మధ్య నుంచి వచ్చే తటస్థ హైడ్రోజన్ పరమాణువులు ఆవేశం పుంజుకొని ఏర్పడిన అయాన్లవి. వాటాదారుల జాబితాలో మూడో పేరు చేరితే మొదటి రెండు వాటాలూ మారిపోతాయి.

కంప్యూటర్లు, ఆదిత్య, బుధుడు

సిద్ధాంతం వైపు నుంచి ఆటంకం అదే పాత 1,836 అంకె. షాక్‌ను కణం కణంగా కంప్యూటర్‌లో నడపాలంటే ఎలక్ట్రాన్ల అతి చిన్న కదలికలనూ ప్రోటాన్ల పెద్ద వలయాలనూ ఒకేసారి పట్టుకోవాలి. ఖర్చు భరించలేక చాలా లెక్కల్లో ప్రోటాన్‌ను ఎలక్ట్రాన్ కన్నా వంద రెట్ల బరువుగానో ఇంకా తక్కువగానో తీసుకుంటారు, కాంతి వేగాన్ని కూడా తగ్గిస్తారు. ఇబ్బంది ఏమిటంటే, ఏ తరంగం పుడుతుంది, ఏది అణిగిపోతుంది అన్నది సరిగ్గా ఆ నిష్పత్తుల మీదే ఆధారపడుతుంది. తరంగాల పాత్రను తేల్చడానికి నడిపే లెక్క, తరంగాలనే మార్చేస్తోంది. ఇటీవలి అనుకరణలు అసలు నిష్పత్తికి దగ్గరవుతున్నా మూడు దిశల్లోనూ పూర్తి లెక్క ఇప్పటికీ భారమే.

భారత ఆదిత్య-ఎల్1 ఈ చిత్రంలో ఎక్కడ ఇముడుతుందన్న ప్రశ్న సహజం. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్వీ-సీ57పై వెళ్లిన ఈ నౌక 2024 జనవరి 6న భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలోని ఎల్1 బిందువు చుట్టూ కక్ష్యలో కుదురుకుంది. బౌ షాక్ ఉన్నది 90 వేల కిలోమీటర్ల దగ్గర. అంటే ఆదిత్య దానికి చాలా ముందు, గాలి ఇంకా దేన్నీ తాకని చోట ఉంది. బౌ షాక్‌ను చూసే వీలు దానికి లేదు. కానీ దానిలోని పాపా అనే పరికరం సౌర గాలి ఎలక్ట్రాన్లను, అయాన్లను కొలుస్తుంది. అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే పరికరమూ ఉంది. షాక్‌లోకి ఏ ప్లాస్మా ప్రవేశిస్తుందో గంట ముందుగా తెలియడం పంపకం లెక్కకు తొలి అవసరం. అంతేకాదు, సూర్యుడి విస్ఫోటాలు తోసుకొచ్చే షాక్‌లు భూమికన్నా ముందు ఆదిత్య మీదుగానే పోతాయి. వాటి మాక్ సంఖ్యలు ఎక్కువగా రెండు మూడు దగ్గర ఉంటాయి. శని దగ్గర దొరికిన ధోరణికి అవి రెండో కొస.

అదే కొసలో బుధుడు ఉన్నాడు. ఐరోపా, జపాన్ కలిసి 2018 అక్టోబరులో పంపిన బెపికొలంబో 2026 నవంబరులో బుధుడి కక్ష్యలోకి చేరాల్సి ఉంది. అక్కడ అది రెండు నౌకలుగా విడిపోతుంది. ఒకటి బుధుడికి దగ్గరగా తిరుగుతుంది. జపాన్ తయారుచేసిన రెండోది, మియో, ఎడంగా తిరుగుతూ షాక్‌ను పదే పదే దాటుతుంది. మాక్ సంఖ్య తక్కువైన కొద్దీ ఎలక్ట్రాన్ల శాతం పెరగాలన్నది ప్రస్తుత అంచనా. ప్రోటాన్లు వెనక్కి మళ్లడం మొదలయ్యే 2.7 హద్దు దగ్గర ఆ పెరుగుదల సాఫీగా సాగుతుందా, ఒక మెట్టులా మారుతుందా అన్నది భూమి దగ్గరి కొలతలతో తేలలేదు. ఆ హద్దుకు రెండు పక్కలా ఉన్న షాక్‌లు బుధుడి దగ్గర మామూలే.